పదో ప్రశ్నకు స్థలం చాలలేదు

3, సోమవారం

ఎన్నికలొచ్చాయి. ఊళ్లో గోడలన్నీ మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టాయి. ప్రెస్సుకి నడిచి వెళ్లే దారి పొడుగునా ఒకటే మాట: "ఇంటి పన్ను సగానికి సగం!" పక్కన బొమ్మలో ఒకాయన తనంత ఎత్తు కత్తెర పట్టుకుని నవ్వుతున్నాడు. మున్సిపల్ చైర్మన్ పదవికి నిలబడ్డాడు. నేనాయనకి కత్తెరాయన అని పేరు పెట్టుకున్నాను. అసలు పేరు ఈ డైరీలో రాయను. ఆయన పేరున్న కాగితాలు ఊళ్లో ఇప్పటికే ఎక్కువయ్యాయి. వాటిలో చాలా మటుకు మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి.

సగం చేస్తాడట! ఏ సగం? ఎవరి సగం? వీధి దీపాల్లో సగమా, మురిక్కాల్వలో సగమా? నా జేబులోంచి తీసి నా జేబులోనే వేస్తానని ఒక మనిషి ముందుకొస్తే, ఆ చెయ్యి మధ్యలో ఎటు తిరుగుతోందో చూడొద్దా? ఈ జనానికి ఆ మాత్రం చూసే ఓపిక ఉండదు. అందుకే నాలాంటివాడు ఒకడుండాలి. జేబు మాట ఈ వారం పత్రికలో నా శీర్షికకి పనికొస్తుంది.

సాయంత్రం మా ఆవిడ తను నర్సుగా పనిచేసే మున్సిపల్ డిస్పెన్సరీకి తాళం వేసి వచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"పన్ను సగమైతే మాది మూసేస్తారట. డాక్టరుగారు చెప్పారు."

"ఎవరి నిర్ణయం అది?"

"నిర్ణయం కాదండీ, వరస. డబ్బు తగ్గితే ముందు చిన్న డిస్పెన్సరీలు మూస్తారు. చిన్నవాటిలోకెల్లా చిన్నది మన వీధిది. నన్ను పెద్దాస్పత్రికి పంపుతారు, లేదంటే ఇంటికి పంపుతారు."

"ఎలా మూస్తారో నేనూ చూస్తాను" అన్నాను.

"మూసేటప్పుడు చూడ్డానికి అందరూ వస్తారు లెండి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇరవయ్యేళ్లుగా ఈ వీధి జ్వరాలన్నీ మోసిన మనిషి. మామూలుగానే చెప్పింది. చెప్పులు మాత్రం ఎప్పుడూ జతగా విడిచేది, ఇవాళ ఒకటి గుమ్మం ఇవతల, ఒకటి అవతల.

4, మంగళవారం

శీర్షిక రాశాను. నిప్పులు.

5, బుధవారం

బావమరిది ప్రెస్సులో నా కుర్చీ దగ్గరికి తనే టీ పట్టుకొచ్చాడు. ప్రెస్సు వాడిది, ప్రూఫులు దిద్దే కళ్లు నావి. యజమాని టీ మోసుకొస్తున్నాడంటే ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

"బావా, ముందు కోప్పడెయ్, తరవాత విను. ఎలాగూ కోప్పడతావు కదా, టైం కలిసొస్తుంది."

"ఎవరి ఆర్డరు?"

"కత్తెరాయనది."

కోప్పడ్డాను. వాడు నా టీ కూడా తాగేసి ఓపిగ్గా కూర్చున్నాడు.

సంగతేమిటంటే, ప్రచారానికి వెళితే జనం ఊరికే దండలు వేసి పంపకుండా ప్రశ్నలడుగుతున్నారట, పాపం. అందుకని ప్రశ్నలూ జవాబులూ ఉన్న కరపత్రం ఒకటి కావాలట.

"ఊళ్లో నీ అంత వాదించేవాడు ఇంకెవడున్నాడు బావా!"

"మరి నా సిద్ధాంతం?"

"సిద్ధాంతం నీ పేరు మీద ఉంటుంది. కరపత్రం మీద పేరెక్కడుంటుంది?"

"ఒరేయ్, మీ అక్క ఉద్యోగం పోతుందిరా!"

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అందుకే నిన్ను రాయమంటున్నా. ఇంకెవడైనా బాగా రాశాడనుకో, నిజంగానే పోతుంది."

వాడిలో ఇంత తర్కం ఉందని నాకు తెలియదు. రేపు చెబుతానన్నాను.

6, గురువారం

ఒప్పుకున్నాను. లొంగిపోయి కాదు. దీని వెనక ఒక ఎత్తు ఉంది.

ప్రశ్నలు నేనే రాస్తాను. ఒక్కొక్కటీ కత్తిలా ఉంటుంది. జవాబులూ నేనే రాస్తాను. ఒక్కొక్కటీ తడిసిన కాగితంలా ఉంటుంది. చదివినవాడు ప్రశ్న దగ్గర ఉలిక్కిపడి, జవాబు దగ్గర నవ్వి, కత్తెరాయన్ని ఇంటికి పంపుతాడు. ఆయన డబ్బుతోనే, ఆయన కాగితం మీదే! ముప్ఫయ్యేళ్ల వాద జీవితంలో ఇంత అందమైన పని నేను చెయ్యలేదు.

తొమ్మిది ప్రశ్నలయ్యాయి. నాలుగోది నాకు బాగా నచ్చింది: "పన్ను సగమైతే వీధి డిస్పెన్సరీ ఎలా నడుస్తుంది?" జవాబు: "ఎలాగోలా నడుస్తుంది. కంగారు పడవద్దు."

రాసి నాలో నేనే నవ్వుకున్నాను. ఆవిడ వంటింట్లోంచి, "ఎవరినండీ ముంచుతున్నారు?" అని అడిగింది. నవ్వులో తేడా ఆవిడకి తెలుస్తుంది.

7, శుక్రవారం

ప్రూఫు వచ్చింది. చదివాను.

"ఎలాగోలా నడుస్తుంది." ఇది వాక్యమా? పదో తరగతి తప్పినవాడు కూడా ఇలా రాయడు. పేరు లేదు, నిజమే. కానీ అచ్చులో ఉంది. నా చేతి మీదుగా వెళ్లినది అచ్చులో ఇలా ఉండగా రేపు నేను ఇంకొకడి వాక్యం మీద ఎర్ర పెన్ను ఎలా పెట్టను?

పైగా జవాబులు మరీ ఇంత పేలవంగా ఉంటే కత్తెరాయనకి అనుమానం రాదూ? ఆర్డరు వెనక్కి తీసుకుని ఇంకెవడి చేతో రాయిస్తే? కాబట్టి ఎత్తు పారాలంటే జవాబులు కొంచెం బలపడాలి.

కొంచెమే.

8, శనివారం

నాలుగో జవాబు ఇలా వచ్చింది:

"సరే, మీ మాటే నిజమనుకుందాం. పన్ను తగ్గితే డిస్పెన్సరీ మూతపడుతుందనే అనుకుందాం. మరి ఇన్నేళ్లూ పన్ను పెరుగుతూనే ఉంది కదా, మీ డిస్పెన్సరీకి ఒక్క మంచమైనా పెరిగిందా? పెరిగినప్పుడు రానిది తగ్గినప్పుడు ఎలా పోతుంది?"

కూర్చుని మళ్లీ చదువుకున్నాను. పచ్చి మోసం. మంచం రాకపోవడానికీ మందులు ఆగిపోవడానికీ సంబంధం లేదని ఆలోచించేవాడికెవడికైనా తెలుస్తుంది. కానీ ఆలోచించే వ్యవధి ఇవ్వదు ఈ వాక్యం. అదీ దాని అందం.

ఇది ఒక్కటే ఇంత బాగుంటే మిగతావి వెలవెలబోతాయి. అందుకని తొమ్మిదీ అదే మొదటిమాటతో మళ్లీ రాశాను.

కత్తెరాయన ఎన్నికల ప్రణాళిక పుస్తకం కూడా చదివాను, ఎర్ర పెన్ను చేత్తో పట్టుకుని, అలవాటు కొద్దీ. లోపల ఒకచోట చీమంత అక్షరాల్లో ఉంది: "కనీస పన్ను కట్టే చిన్న ఇళ్లకు ఈ తగ్గింపు వర్తించదు." కింద గీత గీశాను.

మా వీధిలో ఉన్నవన్నీ కనీస పన్ను ఇళ్లే. మా వీధేమిటి, మార్కెట్టు వెనక వీధులన్నీ అంతే. తగ్గేదల్లా పెద్ద భవనాలకీ, గోదాములకీ. ఊళ్లో ఎక్కువ గోదాములు కత్తెరాయనవి.

ఇది ప్రశ్నగా పెట్టి ఉండాల్సింది. పదోదిగా. జవాబు కోసం మధ్యాహ్నమంతా చూశాను. రాలేదు.

కరపత్రం ఒక్క కాగితం. రెండు వైపులా నిండిపోయింది. స్థలం చాలలేదు.

10, సోమవారం

కత్తెరాయన స్వయంగా వచ్చాడు. ప్లైవుడ్ కత్తెర ప్రెస్సు గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు, చివరికి బయట గోడకి ఆనించి ఒక మనిషిని కాపలా పెట్టారు. తలుపు దాటని కత్తెర పన్ను ఎలా కోస్తుందండీ అని అడుగుదామనుకున్నాను. అప్పుడే ఆయన నాకు నమస్కారం పెట్టాడు.

"రచయితగారూ, ఈ జవాబులు నాకే తెలియవండీ! చదివాక నా మీద నాకే నమ్మకం వచ్చింది."

"అంత లేదు లెండి" అన్నాను.

"అలా అనకండి. ఈ మొదటిమాట ఉంది చూశారూ, 'సరే, మీ మాటే నిజమనుకుందాం' అని? ఏం మర్యాదండీ! ముందు వాడి మాట ఒప్పుకున్నట్టే ఉంటుంది, చివరికొచ్చేసరికి వాడికి మాటే ఉండదు. ఎలా పట్టుకున్నారండీ ఇది?"

"ఇంట్లో సాధన" అన్నాడు బావమరిది.

వాడివంక గుర్రుగా చూశాను. కత్తెరాయన కరపత్రం మడిచి గుండె మీద జేబులో పెట్టుకున్నాడు. నాకు అసహ్యం వేసింది.

చాలాసేపటికి గానీ వెయ్యలేదు.

12, బుధవారం

ఇవాళ పొద్దున్న డిస్పెన్సరీ వరండాలో నేను జనాన్ని కూడగట్టాను. కూడగట్టడమంటే, వాళ్లు ఎలాగూ మందులకి వరసలో ఉన్నారు, నేను ఎదురుగా నిలబడ్డాను.

"పన్ను సగం చేస్తే ఈ తలుపు మూతపడుతుంది! ఆలోచించండి!" అన్నాను.

బెంచీ చివర బీపీ తాత. రోజూ పొద్దున్నే వచ్చి బీపీ చూపించుకుని, ఎక్కువుంటే భయపడి, తక్కువుంటే యంత్రం పాడైందని పోట్లాడి, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చునే మనిషి. చేతికి పట్టీ ఉండగానే రెండో చేత్తో జేబులోంచి కరపత్రం తీశాడు.

"సరే అబ్బాయ్, నీ మాటే నిజమనుకుందాం. ఇన్నేళ్లూ పన్ను పెరిగింది కదా, ఇక్కడ ఒక్క మంచమైనా పెరిగిందా?"

నేను నోరు తెరిచాను.

"చెప్పు మరి. పెరిగినప్పుడు రానిది తగ్గినప్పుడు ఎలా పోతుంది?"

వరసంతా నావైపు చూసింది. వెనకనుంచి ఎవరో, "అదీ మాటంటే!" అన్నారు. నేను జవాబు వెతికాను. లేదు. ఎటు తిరిగినా అడ్డంగా నా వాక్యమే నిలబడింది. సందు లేకుండా కట్టాను దాన్ని.

"మాట పడిపోయిందిరా పాపం" అన్నాడు తాత, పక్కవాళ్లతో. "అమ్మాయ్ సిస్టరమ్మా, మీ ఆయనకి కూడా ఒకసారి బీపీ చూడు."

ఆవిడ చూసింది. ఎక్కువే ఉంది.

13, గురువారం

నన్ను వాదంలో ఓడించిన మనిషి ఇంతవరకు లేడు. ఇప్పుడు మాత్రం ఉన్నాడా అని ఆలోచిస్తున్నాను. లేడు. సాంకేతికంగా లేడు.

14, శుక్రవారం

వారపత్రికలో నా శీర్షిక వచ్చింది. కరపత్రాన్ని చీల్చి చెండాడాను. "పేరు చెప్పుకోలేని ఈ కూలి కలం ఎవరిదో గానీ, సిగ్గున్న చెయ్యి ఇలాంటివి రాయదు" అని మొదలుపెట్టాను.

సంపాదకుడు ఫోన్ చేశాడు. పాఠకుల స్పందన బాగా ఉందట.

"ఏమంటున్నారు?"

"మీ వ్యాసం చదివాక కరపత్రం తెప్పించుకుని చదువుతున్నారు సార్. ఒక మాట అంటే ఏమీ అనుకోరుగా?"

"అనండి."

"ఆ రాసినాయనెవరో తెలిస్తే చెప్పండి. మీ పక్క కాలమ్ ఖాళీగానే ఉంది. మీరు కోప్పడితే ఆయన జవాబు చెబుతాడు. మీకంటే సూటిగా ఉన్నాడు సార్ ఆయన."

నాకు కోపం వచ్చింది. ఇంకేమీ రాలేదు. ఆ చివరి వాక్యం మాత్రం మళ్లీ చెప్పించుకున్నాను, సరిగ్గా వినపడలేదని.

16, ఆదివారం

ఆ మాట ఊరంతా పాకింది. కూరగాయల బండివాడు, బస్సు కండక్టరు, సినిమాకి పోనివ్వని తల్లితో కూతురు, అందరూ అదే: "సరే, మీ మాటే నిజమనుకుందాం."

భోజనాల దగ్గర కూరలో ఉప్పు లేదన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని నావంక చూసి, ఒక్కో మాటా విడదీస్తూ, "సరే, మీ మాటే నిజమనుకుందాం" అంది.

అదోలా అంది. నిజంగానే ఉప్పు మర్చిపోయి ఉంటుంది, అందుకని.

17, సోమవారం

ఎదురింటి మేడ మీద వాటాలో ఉండే కుట్టుమిషను ఆయన కొత్త ఫ్యాను బిగించుకున్నాడు. వాయిదాల మీద.

"ధైర్యంగా కొనేశానండీ. ఇంటాయన పన్ను తగ్గగానే అద్దె తగ్గిస్తానన్నాడు" అన్నాడు. ఇంటాయనా ఆ సగం చూసుకునే కొత్త గేటు పెట్టించుకుంటున్నాడట. బీపీ తాత ఇంటికి సొంతంగా బీపీ యంత్రం కొనుక్కుంటానంటున్నాడు. వీధి వీధంతా ఆ సగాన్ని అప్పుడే ఖర్చుపెట్టేసింది.

వీళ్లెవరికీ ఒక్క పైసా తగ్గదు. వెళ్లి చెప్పాలి.

ఫ్యాను మంచి గాలి ఇస్తోంది. దాని కింద కూర్చోమని కుర్చీ వేశాడు. ఎలా చెప్పను?

18, మంగళవారం

ఎన్నికల ప్రణాళిక పుస్తకం భోజనాల బల్ల మీద తెరిచి ఉంది. నేను దాన్ని బీరువా మీద పెట్టానని గుర్తు. గాలికి పడి ఉంటుంది.

గాలికే తెరుచుకుని ఉంటుంది, నేను ఎర్ర గీత గీసిన పేజీ దగ్గర.

19, బుధవారం

రేపు సాయంత్రం కత్తెరాయన సభ. మా వీధిలోనే, డిస్పెన్సరీ ముందే పెట్టాడు. "అక్కడే అడుగుతున్నారు కాబట్టి అక్కడే జవాబు చెబుతా"నన్నాడట. ఎంత పొగరు! ఎవరిచ్చారో ఆ ధైర్యం.

20, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

జనం డిస్పెన్సరీ మెట్ల దాకా నిండిపోయారు. కత్తెరాయన కత్తెర పక్కన నిలబెట్టుకుని, చేతిలో కరపత్రంతో, "అడగండి! ఏదైనా అడగండి!" అన్నాడు. దీపాల గురించి ఒకాయన అడిగాడు. మొదటి జవాబు. చప్పట్లు. మురిక్కాల్వ గురించి అడిగారు. ఆరో జవాబు. చప్పట్లు. డిస్పెన్సరీ గురించి ఆయన్ని ఎవరూ అడగక్కర్లేకపోయింది, బీపీ తాతే అడిగి తాతే జవాబు చెప్పేశాడు. ఈలలు.

నేను వరండాలో స్తంభం చాటున, బరువు చూసే యంత్రం మీద నిలబడ్డాను. అక్కణ్ణించి బాగా కనిపిస్తుంది. చప్పట్లు కొట్టినప్పుడల్లా నేను వాక్యాలు తూచుకుంటున్నాను. రెండోది ఇంకాస్త కుదించి ఉండొచ్చు.

అప్పుడు ఆవిడ లేచింది. తెల్ల కోటుతోనే ఉంది.

"నాదొక ప్రశ్నండీ."

"అడగండి సిస్టరమ్మా!"

"మా వీధిలో ఏ ఇంటికి పన్ను తగ్గుతుంది? ఒక్క ఇల్లు చూపించండి చాలు."

కత్తెరాయన నవ్వాడు. "సరే అమ్మా, మీ మాటే నిజమనుకుందాం" అని కరపత్రం చూశాడు. తిప్పి వెనక చూశాడు. మళ్లీ ముందు చూశాడు. "మీ మాటే నిజమని... అనుకుందామమ్మా..."

"నేను మాట చెప్పలేదండీ, ఇల్లు అడిగాను. మీ పుస్తకంలో కనీస పన్ను ఇళ్లకి వర్తించదని రాసుంది. ఇక్కడున్నవన్నీ కనీస పన్ను ఇళ్లే."

జనంలో కదలిక పుట్టింది. ఇంటాయన, "అంటే నా గేటు?" అన్నాడు. కుట్టుమిషను ఆయన తల తిప్పి తన కిటికీ వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కత్తెరాయన వేదిక పక్కనున్న మా బావమరిదిని చూశాడు. వాడు నన్ను వెతికాడు. స్తంభం చాలినంత లావు లేదు.

"అదిగో రచయితగారు!" అన్నాడు కత్తెరాయన మైకులో, ప్రాణం లేచొచ్చినట్టు. "రాసింది మీరే కదండీ, ఈ జవాబు కూడా మీరే చెప్పండి!"

వీధంతా నావైపు తిరిగింది. నేనింకా బరువు యంత్రం మీదే ఉన్నాను. బీపీ తాత నోరు తెరిచాడు. "ఇదంతా నువ్వేనా అబ్బాయ్? మరి ఆ వేళ నాతో ఓడిపోయావేం?"

మైకు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది.

ఆ క్షణాన, మధ్యాహ్నమంతా కూర్చున్నా రాని జవాబు వచ్చింది. ఎక్కడ దాక్కుందో, పూర్తిగా అల్లుకుని వచ్చేసింది: "సరే, మీ మాటే నిజమనుకుందాం. మీకు తగ్గలేదంటే అర్థమేమిటి? ఊళ్లో అందరికంటే తక్కువ మీరే కడుతున్నారు. మిగతావాళ్లకి రేపు జరగబోయే న్యాయం మీకు నిన్ననే జరిగిపోయింది!" చెబితే చాలు, వీధి విరగబడి చప్పట్లు కొడుతుంది. నాకు తెలుసు. ఆ చప్పుడు ముందే చెవుల్లో వినిపించింది. నోటి చివరిదాకా వచ్చింది. "సరే" అని అనేశాను కూడా.

ఆవిడ చేతులు కట్టుకుని చూస్తోంది. కోపంగా కాదు. ఇంజెక్షనుకి వచ్చినవాడు చెయ్యి చాపుతాడో పారిపోతాడో అని చూస్తుందే, అలా.

"ఒక్క ఇంటికీ తగ్గదు" అన్నాను.

నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంకా ఏదో ఉంటుందని జనం ఎదురుచూశారు. లేదు. మైకు కుయ్యిమంది.

21, శుక్రవారం

కత్తెర నిన్న డిస్పెన్సరీ ముందే వదిలేసి పోయారు. ఆవిడ దాని మీద ఉతికిన గుడ్డలు ఆరేసింది.

పొద్దున అడిగాను. "నేనే రాశానని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి జవాబులో మొదటి మాట చదవగానే. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను కదా."

"మరి నన్ను నిలదీసి అడగలేదేం?"

"అడిగితే జవాబు చెబుతారు కదండీ."

25, మంగళవారం

కత్తెరాయన గెలిచాడు. మా వీధిలో, మార్కెట్టు వెనక వీధుల్లో చిత్తుగా ఓడాడు. కానీ ఊరు పెద్దది, కరపత్రం అంతటా చేరింది. మంచి కరపత్రం.

సంపాదకుడు నా శీర్షిక కొన్నాళ్లు ఆపుదామన్నాడు. రెండు కాలమ్‌లూ ఒక్కరే రాస్తే పాఠకులు తికమక పడతారట.

తరవాతి నెల 19, బుధవారం

పన్ను కాగితాలొచ్చాయి. మా ఇంటికి పాత పన్నే. గోదాములకి సగం. అబద్ధం చెప్పాడని ఎవరూ అనలేరు. చీమంత అక్షరాల్లో ముందే చెప్పాడు.

డిస్పెన్సరీ మూసివేత ఉత్తర్వు కూడా వచ్చింది. తాళం పట్టుకుని ఒక అధికారి వచ్చాడు. బీపీ తాత బెంచీ మీద కూర్చుని, చేతికి పట్టీ చుట్టుకుని, తియ్యనన్నాడు.

"లేవండి తాతగారూ, మూసెయ్యాలి."

"బీపీ చూస్తుండగా మూస్తారటయ్యా? ఇంకా రీడింగు రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"నా మనసు కుదుటపడాలి. నిన్ను చూస్తుంటే పెరుగుతోంది."

తాత తరవాత కుట్టుమిషను ఆయన పట్టీ చుట్టుకున్నాడు. ఆ తరవాత ఇంటాయన. వరస మలుపు దాకా ఉంది, అందరూ నిక్షేపంగా ఉన్నవాళ్లే. ఆవిడ ఒక్కొక్కళ్లకీ నింపాదిగా, సక్రమంగా చూసింది. వచ్చిన రోగిని చూడకుండా పంపకూడదని నియమం ఉందట. అధికారి కాసేపు నిలబడి, తనదీ ఒకసారి చూపించుకుని వెళ్లిపోయాడు. ఉత్తర్వు వాయిదా. ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు.

20, గురువారం

వీధివాళ్లు ఇంటికొచ్చారు. చైర్మన్‌కి జవాబుగా కరపత్రం కావాలట. నన్నే రాయమన్నారు. నా మీద నమ్మకంతో కాదు. "ఆయన రాసినదాన్ని ఆయనే పడగొట్టాలి, ఇంకెవరి వల్లా కాదు" అని బీపీ తాత తేల్చాడట. బావమరిది ఊరికే అచ్చు వేస్తానన్నాడు. అన్నాక అక్క వంక చూశాడు.

ఆవిడ షరతు పెట్టింది. "ప్రశ్నలే రాయాలి. జవాబులు వద్దు. కింద ఖాళీ వదిలెయ్యండి, ఆయనే నింపుకుంటాడు."

"ఖాళీయా? అచ్చులో ఖాళీయా?"

"అవును."

రాశాను. పది ప్రశ్నలు, పది ఖాళీలు. గోదాముల గోడల మీద కూడా అంటిస్తారట.

ప్రూఫు నా ముందుంది. నాలుగోది: "గోదాములకు పన్ను తగ్గించారు, డిస్పెన్సరీకి తాళం తెచ్చారు. గోదాములకు జ్వరం వస్తుందా?" దాని కింద తెల్లగా ఖాళీ. చూస్తూ కూర్చుంటే చైర్మన్ తరఫున ఒక జవాబు తట్టింది. అద్భుతమైనది. ఎవరూ తిరిగి మాట్లాడలేనిది.

ఎర్ర పెన్ను మూత పెట్టేశాను. ఆ జవాబు ఈ డైరీలో కూడా రాయను. ఈ పేజీలో ఇంకా సగం మిగిలే ఉంది గానీ, స్థలం చాలదు.